రిజిస్టరు ఎవరి దగ్గరుంది? స్టువర్టుపురం నుంచి మన సాఫ్ట్‌వేర్ గ్రూపుల దాకా

పోస్ట్ పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఆగస్టు 31 దగ్గరికొస్తోంది కాబట్టి ఇప్పుడే చెప్పాలనిపించింది. కొత్త బ్యాచ్ వాళ్ళకి: 1952లో ఆ రోజునే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దేశమంతటా రద్దయింది. మనం దాన్ని విముక్త దినం అని జరుపుకుంటాం. ప్రతి ఏడాదీ పాత చరిత్ర చెప్పుకుని, ఫొటోలు దిగి, ఇంటికి వెళ్ళిపోతాం. ఈసారి మాత్రం ఆ చరిత్రని ఒక హార్డ్ డిస్క్ కథతో మొదలుపెడతాం.

మేము తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో చదువుకుంటున్న ఎరుకల, యానాది, సుగాలి పిల్లలం. రెండేళ్ళ కిందట మాలో కొందరం ఒక స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ గ్రూపులో చేరాం. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ జీతం ఉండదు, ఫీజూ ఉండదు. ఆదివారాలు ఒక కాలేజీ ల్యాబులో కూర్చుని లినక్స్ ఎక్కించడం నేర్పుతారు, ఉచిత సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి మారుస్తారు, ప్రభుత్వ బడుల్లో పాత కంప్యూటర్లు బాగుచేస్తారు. మంచి పని. మాకు బాగా నచ్చింది. మా దగ్గర సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు తక్కువ కాబట్టి ఆ ల్యాబే మాకు బడి.

ఒక ఆదివారం క్యాంపు అయ్యాక హార్డ్ డిస్క్ ఒకటి కనపడలేదు. ఆ రాత్రి గ్రూపులో ఒక మెసేజ్ పడింది: "స్టువర్టుపురం బ్యాచ్ కూడా వచ్చిందిగా, మీ బ్యాగులు చూసుకోండి బాబూ." దాని కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా. మర్నాడు మధ్యాహ్నానికి హార్డ్ డిస్క్ ల్యాబ్ బీరువాలోనే దొరికింది. మెసేజ్ మాయమైంది. సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

మావాడు కంప్లైంట్ చేద్దామనుకున్నాడు. ఎవరికి చెయ్యాలి? గ్రూపు అడ్మిన్‌కి. ఆ మెసేజ్ పెట్టిందెవరు? ఆ అడ్మినే. అయినా వెళ్ళి అడిగాడు. "సరదాగా అన్నాన్రా తమ్ముడూ. ఇక్కడ కులం గిలం ఎవరూ చూడరు. నువ్వే మనసులో పెట్టుకుంటున్నావ్" అన్నాడాయన. అంతటితో ఆ కేసు మూసేశారు.

రెండు నెలలకి ఒక అనువాదం పూర్తయి బయటికొచ్చింది. పనిచేసినవాళ్ళ పేర్ల జాబితాలో మావాళ్ళు ఇద్దరి పేర్లు లేవు. రాత్రుళ్ళు ఫోన్ల మీద కూర్చుని వందలకొద్దీ వాక్యాలు తెలుగు చేసినవాళ్ళు వాళ్ళు. అడిగితే "మర్చిపోయాం" అన్నారు. ఆ తర్వాత మా ముగ్గురు వెళ్ళడం మానేశారు. ఎందుకు మానేశారని ఎవరూ ఫోన్ చెయ్యలేదు. గ్రూపు లెక్కల్లో వాళ్ళు ‘ఇన్‌యాక్టివ్’.

ఈ సంగతి ఇంట్లో చెప్పుకుంటుంటే మాలో ఒకరి తాత అంతా విని ఒకటే అడిగాడు: "రిజిస్టరు ఎవురి దగ్గరుందిరా? పేర్లు రాసేదెవురు, కొట్టేసేదెవురు?"

తాత అట్లా ఎందుకడిగాడో మాకు మొదట అర్థం కాలా. తర్వాత చదువుకుంటే తెలిసింది, మన చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని.

ఎరుకలోళ్ళు పుట్టుకతో దొంగలని సినిమాలు చెప్తాయి. చరిత్ర అట్లా చెప్పదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొరవ, ఎరుకల వాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న సంచార వ్యాపారులు. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు లోపలి ఊళ్ళకి పోతే, అక్కడి నుంచి ధాన్యం ఇటు వచ్చేది. బుట్టలు అల్లడం, సోది చెప్పడం, పందుల్ని పెంచడం వీటికి తోడు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, రైళ్ళొచ్చి సరుకు రవాణాని లాగేసుకున్నాయి. ఆ దెబ్బతో గాడిదల వ్యాపారం కూలిపోయింది. తిరుగుతూ బతికే మనిషిని సర్కారు అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ పుస్తకంలో ఇదంతా వివరంగా రాశారు. స్టువర్టుపురం గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ముందు ఆ పుస్తకం చదవాలి.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తర భారతంలో మొదలైంది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. 1924లో మళ్ళీ సవరించి రాశారు. ఒక తెగని మొత్తంగా ‘నేరస్థ తెగ’ అని నోటిఫై చేస్తే చాలు, అందులో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కించొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, హాజరు చెప్పించుకోవచ్చు, అనుమతి లేకుండా ఊరు దాటనివ్వకపోవచ్చు, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి వేరే బడుల్లో పెట్టొచ్చు. వేలిముద్రల పద్ధతి అప్పటికి సరికొత్త టెక్నాలజీ. అది మన చేతికి పనిముట్టుగా రాలేదు, మన వేళ్ళ మీదికి కాపలాగా వచ్చింది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం కిందే, మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే రోజుల్లో పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే మనవాళ్ళు రక్షణ సైన్యం అనేవాళ్ళు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలు కావాల్సి వస్తే ఈ సెటిల్‌మెంట్ మనుషులే పోయారు.

ఒక్క విషయం గమనించండి. రక్షణ సైన్యం వాళ్ళు తాము చెడ్డ పని చేస్తున్నామని అనుకోలేదు. వాళ్ళ నాయకుడు బూత్ టక్కర్ నేరాన్ని జబ్బుగా చూసి, నయం చేసే విద్యకి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు కూడా పెట్టాడు. సేవ చేస్తున్నామనే నమ్మారు. వాళ్ళ మనసు మంచిదా చెడ్డదా అని మనం వాదించుకుంటూ కూర్చోవచ్చు, తేలదు. వాళ్ళ చేతిలో ఏ అధికారం ఉంది, దాని మీద చెప్పుకోవడానికి మనకి ఏ గడప ఉంది అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలుతుంది. "మేమందరం స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళం, మాలో అట్లాంటివి ఉండవు" అని ఇవాళ ఎవరైనా అన్నప్పుడు మాకు ఇదే గుర్తొస్తుంది.

సేవ అంటే మాకు గౌరవం లేక ఈ మాట అనడం లేదు. మన తెనాలి ప్రాంతానికి స్వచ్ఛంద సేవలో గొప్ప పేరుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకం దగ్గరికి జనం రాలేకపోతే జనం దగ్గరికే పుస్తకం పోవాలన్నది ఆ ఆలోచన. ఇవాళ ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పేదీ అదే. కానీ అదే 1935లో, అదే గుంటూరు జిల్లాలో, స్టువర్టుపురంలో రిజిస్టరయిన మనిషి అనుమతి చీటీ లేకుండా ఊరు దాటడానికి లేదు. పడవ ఊరూరా తిరుగుతోంది, మనిషి కదలడానికి లేదు. ఈ రెండూ ఒక్క జిల్లా చరిత్రే. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే సగమే చెప్పినట్టు.

ఇప్పుడు తాత ప్రశ్నకి వద్దాం. చట్టాన్ని మేము ఫిర్యాదు వైపు నుంచి చదివాం. అంటే, పేరు తప్పుగా ఎక్కిన మనిషి ఎక్కడికి పోవాలి అని వెతుక్కుంటూ చదివాం. మూడు సంగతులు కనపడ్డాయి.

మొదటిది. రిజిస్టరులో పేరు ఎక్కితే అభ్యంతరం చెప్పుకోవచ్చని చట్టంలో రాసే ఉంది. ఎవరికి చెప్పుకోవాలి? జిల్లా మేజిస్ట్రేటుకి. రిజిస్టరు తయారుచేయించేదెవరు? ఆ జిల్లా మేజిస్ట్రేటే. ఉంచాలన్నా కొట్టేయాలన్నా ఆయన ఇష్టం. తయారయ్యాక రిజిస్టరు ఉండేది పోలీసు సూపరింటెండెంటు దగ్గర. అంటే గడప ఉంది, కానీ ఆ గడప మనల్ని కొట్టినవాడి ఇంటిదే.

రెండోది. ఒక తెగని నేరస్థ తెగ అని ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టమే అడ్డం పెట్టింది. బయటి కన్ను పడకుండా తలుపేసేశారు.

మూడోది. తప్పు మనిషిది కాదు, పుట్టుకది. కాబట్టి దానికి గడువు లేదు. తండ్రి పేరు ఎందుకెక్కిందో కొడుకు పేరూ అందుకే ఎక్కుతుంది. ఏ రోజు ఏ నేరం చేశావని ఎవరూ చెప్పక్కర్లేదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని 1947లోనే తీసేశారు. నెల్లూరు నుంచి యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారిలాంటి వాళ్ళ కృషి దాని వెనక ఉంది. దేశమంతటా 1952లో పోయింది. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి, పోలీసు స్టేషన్లలో అనుమానితుల జాబితాలు మిగిలాయి. 1970ల్లో గుర్రం జాషువా గారి కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం స్టువర్టుపురం వచ్చి ఎరుకల కుటుంబాల మధ్య సంస్కరణ పని చేయాల్సి వచ్చిందంటే, చట్టం పోయిన పాతికేళ్ళకి కూడా ఆ ముద్ర ఎంత గట్టిగా ఉందో ఆలోచించండి. 1991లో ఒకే ఏడాది స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో ఇంకోటి వచ్చింది. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్ష నిబంధనల్ని కొట్టేసింది. విముక్త తెగలవాళ్ళని అలవాటు నేరస్థులుగా లెక్కగట్టే రాతల్ని కూడా తప్పుపట్టింది. చట్టం పోయిన 72 ఏళ్ళకి కూడా జైలు పుస్తకాల్లో ఆ రాత ఉందన్నమాట.

ఒక తేడా మాత్రం ఉంది. 2023 సినిమా టీజర్ చూసి మనవాళ్ళకి కడుపు మండితే, ఆ బాధ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళింది. 1911 చట్టం మూసేసిన తలుపు అది. గెలుపోటములు తర్వాత, తట్టడానికి తలుపుండటమే పెద్ద మార్పు.

ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని ప్రపంచంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంఘాలు ఏం చేశాయో చూశాం. వాళ్ళు కూడా మనలాగే జీతం లేకుండా మొదలైనవాళ్ళే, మనలాగే కొట్టుకున్నవాళ్ళే.

డెబియన్ అనే సంఘం 1998లోనే తనకొక రాజ్యాంగం రాసుకుంది. ఏ పదవికి ఎంత అధికారం, దాన్ని ఓటేసి ఎట్లా తిప్పికొట్టొచ్చు అన్నది అందులో ఉంది. ఒకరితో ఒకరు ఎట్లా మెలగాలన్న నియమావళిని 2014లో సభ్యుల ఓటుతో ఆమోదించుకుంది. మంచి సంఘానికి కూడా ఆ రెండోది రాసుకోవడానికి 16 ఏళ్ళు పట్టింది.

లినక్స్ కెర్నెల్ దారి వేరు. అక్కడ కోడ్ బాగాలేకపోతే బండబూతులు తిట్టడం చాలాకాలం మామూలు. 2015లో ‘కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ అని చిన్న కాగితం పెట్టారు. కోడ్ మీద విమర్శ గట్టిగానే ఉంటుంది, ఎవరికైనా వ్యక్తిగతంగా బాధ కలిగితే ఫలానా బోర్డుకి చెప్పుకోండి అని దాని సారం. చాలామందికి ఆ మాట సరిపోలేదు. 2018 సెప్టెంబర్‌లో లినస్ టోర్వాల్డ్స్ తన పాత ఈమెయిళ్ళకి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. ఆ నెలలోనే ‘కంట్రిబ్యూటర్ కవెనెంట్’ అనే నియమావళిని తెచ్చుకున్నారు. లినక్స్‌ని పుట్టించినవాడే అందరి ముందూ సారీ చెప్పాడు. హార్డ్ డిస్క్ మెసేజ్‌కి సారీ చెప్తే తల తెగిపోతుందా మరి?

ఆ కంట్రిబ్యూటర్ కవెనెంట్ 2014లో కొరలైన్ అడా ఎమ్కే రాసింది. వివక్ష చూపకూడని విషయాల వరసలో మతం, జాతి, లింగం అన్నీ ఉన్నాయి కానీ ‘కులం’ అన్న మాట చాలా ఏళ్ళు లేదు. 2021లో వచ్చిన 2.1 వెర్షన్‌లో చేరింది. వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లోనే తెచ్చిన సార్వత్రిక నియమావళిలో కూడా, దేన్ని పట్టుకుని మనిషిని అవమానించకూడదో చెప్పే వరసలో కులం ఉంది. 2003 నుంచి నడుస్తున్న మన తెలుగు వికీపీడియాకీ అది వర్తిస్తుంది. ఈ మాట ఊరికే రాలేదు. 2020లో అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. 2023లో సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభలో పాసైన బిల్లుని అక్కడి గవర్నర్ వీటో చేశాడు. మన తెలుగువాళ్ళు వేలల్లో ఉద్యోగాలు చేసే చోట్లే ఇవన్నీ. కులం విమానమెక్కి వెళ్తే, ఫిర్యాదు కూడా వెనకే వెళ్ళింది.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. ఫిర్యాదు వినే చోటు కూడా చెడిపోవచ్చు. 2019 జూన్‌లో ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక నిర్వాహకుణ్ణి ఫౌండేషన్ నేరుగా ఏడాదిపాటు నిషేధించింది. ఫిర్యాదు చేసినవాళ్ళకి రక్షణ కావాలి కాబట్టి వివరాలు చెప్పలేమంది. ఆరోపణ ఏంటో తెలియకుండా శిక్షేంటని ఎంతోమంది నిర్వాహకులు రాజీనామా చేశారు. చివరికి సభ్యులు ఎన్నుకున్న మధ్యవర్తుల సంఘం కేసు చూసి ఆ నిషేధం ఎత్తేసింది, నిర్వాహక హోదా మాత్రం తిరిగివ్వలేదు. మనం ఎటువైపు అని అడిగితే, ఫిర్యాదు చేసినవాళ్ళ వైపే. అయినా ఆరోపణ చెప్పకుండా పేరు రాసేసే పుస్తకం ఎట్లా ఉంటుందో మనకి తెలుసు. మనం పెట్టే కంప్లైంట్ పుస్తకం ఇంకో రిజిస్టరు కాకూడదు.

‘ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 ఉంది కదా, కేసు పెట్టండి’ అని కొందరు అన్నలు అన్నారు. ఉంది, అవసరమైతే వాడాలి. కానీ జాబితాలో పేరు మర్చిపోవడం, మీటింగు ఎప్పుడూ రేపల్లె చివరి బండి వెళ్ళిపోయాక పెట్టడం, మనం అడిగిన ప్రశ్నకి జవాబివ్వకపోవడం, ఇవి పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్ళేవి కావు. వీటిని సంఘం లోపలే పట్టుకోవాలి. నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. పనిచేసే చోట స్త్రీల మీద లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం చూడండి. లోపలి కమిటీలో బయటి సభ్యులొకరు ఉండి తీరాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. బయటి కన్ను, గడువు. 1911 చట్టంలో లేనివి ఈ రెండే.

ఇవన్నీ చూసుకుని మేము ఒక పేజీ రాసుకున్నాం. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాం.

1. ఫిర్యాదు వినేది ముగ్గురు. ఒకరు గ్రూపు బయటివాళ్ళు. ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వాళ్ళు ఆ విచారణలో కూర్చోకూడదు, అడ్మిన్ అయినా సరే.

2. నోటితో చెప్పినా చాలు, విన్నవాళ్ళే రాసుకోవాలి. అందిందని వారంలో చెప్పాలి. 30 రోజుల్లో తేల్చాలి.

3. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళకి ఆరోపణ ఏంటో చెప్పాలి, వాళ్ళ మాట వినాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష సాధిస్తే అది వేరే తప్పు.

4. ఊరు పేరు, తెగ పేరు, కులం పేరు పెట్టి గుంపు మొత్తాన్ని అనుమానించడం తప్పు. ‘సరదాకి’ అన్నది జవాబు కాదు.

5. అందరి ముందూ అన్న మాటకి క్షమాపణ అందరి ముందే చెప్పాలి.

6. పనిచేసినవాళ్ళ పేర్ల జాబితా విడుదలకి వారం ముందు అందరికీ చూపించాలి.

7. చిన్న తప్పుల రికార్డుకి గడువు ఏడాది. ఆ తర్వాత చెరిపెయ్యాలి. తన గురించి ఏం రాశారో చూసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంటుంది.

ఈ పేజీని మేము వదిలేసి వచ్చిన గ్రూపుకే పంపాం. రెండు నెలలు జవాబు లేదు. తర్వాత అక్కడ పనిచేసే ఒక అక్క పట్టించుకుని మీటింగులో పెట్టింది. "ఖాళీ టైములో చేసే పనికి ఇంత ఆఫీసు తతంగమా?" అని కొందరన్నారట. దానికి అక్క, "ఖాళీ టైములో వచ్చినవాళ్ళు కాబట్టే ఒక్క మాట పడితే వెళ్ళిపోతారు. జీతానికి వచ్చినవాడైతే ఓర్చుకుని ఉండేవాడు" అందట. చివరికి ఏడింటిలో నాలుగు ఒప్పుకున్నారు. బయటి మనిషిని పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇద్దరి పేర్లూ ఆలస్యంగానైనా జాబితాలో చేర్చారు. హార్డ్ డిస్క్ మెసేజ్‌కి క్షమాపణ ఇంకా రాలేదు.

ముగ్గురిలో ఇద్దరు తిరిగి వెళ్ళారు. మూడోవాడు వెళ్ళనన్నాడు. కాలనీలో కమ్యూనిటీ హాల్లో రెండు పాత కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకి తనే నేర్పుతున్నాడు. వాడు చేసింది తప్పని మేము అనం. వెళ్ళిపోవడం కూడా ఒక జవాబే.

ఇంతవరకూ చెప్పింది వేరేవాళ్ళ సంగతి. ఇప్పుడు మన సంగతి. ఈ పేజీ రాసేటప్పుడు రేపల్లె వైపు నుంచి వచ్చే యానాది చెల్లెలు ఒకామె అడిగింది: "మరి మన గ్రూపులో మా వాళ్ళ మీద ఎలకల జోకులేసినప్పుడు నేనెవరికి చెప్పాలన్నా? ఆ జోకేసినవాళ్ళే కదా ఇక్కడ అడ్మిన్లు?" మాకెవరికీ నోట మాట రాలా. ఎందుకంటే నిజం. ఆ జోకులకి మేము కూడా నవ్వాం. స్టువర్టుపురం పేరు చెప్పి నవ్వితే మండిన మాకు, యానాదుల మాట వచ్చేసరికి అది సరదా అయిపోయింది. మన గ్రూపులో కూడా ఎక్కువమంది ఎరుకల, సుగాలి అబ్బాయిలే అడ్మిన్లు. యానాదులు లేరు, ఆడపిల్లలు లేరు. చెల్లీ, నీకు అందరి ముందూ చెప్తున్నాం: తప్పు మాదే, క్షమించు.

కాబట్టి ఈ పేజీని ముందు మన మీదే పెట్టుకుందాం. ఆగస్టు 31న బాపట్లలో కలుస్తున్నాం కదా, ఆ రోజు మూడు పనులు. పేజీలోని ఏడు మాటలూ ఒక్కొక్కటిగా చదివి చేతులెత్తి ఓటు వేద్దాం. ఫిర్యాదులు వినే ముగ్గుర్ని ఎన్నుకుందాం, ఒకరు యానాది, ఒకరు ఆడపిల్ల, ఒకరు మన గ్రూపు బయటివాళ్ళు. ఇప్పుడున్న అడ్మిన్లం ఎవరమూ ఆ ముగ్గురిలో ఉండం. మూడోది, మీటింగు మధ్యాహ్నం మూడింటికల్లా ముగిద్దాం, రేపల్లె వాళ్ళకి బండి దొరకాలి.

కొత్త బ్యాచ్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "ఆ సాఫ్ట్‌వేర్ గ్రూపుల్లో చేరమంటారా వద్దా?" అని అడుగుతున్నారు. చేరండి. పని నేర్చుకోండి, మీ పేరు మీ పని కింద రాయించుకోండి. చేరే ముందు మాత్రం తాత అడిగిన మాట మీరూ అడగండి. ఇక్కడ పేర్లు రాసేదెవరు, కొట్టేసేదెవరు, వాళ్ళ మీదే చెప్పుకోవాలంటే ఎక్కడికి పోవాలి? చెప్పగలిగితే మంచి చోటు. చెప్పలేకపోతే ఈ పేజీ వాళ్ళ చేతికివ్వండి.

31న రాలేనివాళ్ళు ఏడు మాటల మీద మీ అభిప్రాయం కింద రాయండి. ఏదైనా తగ్గిందనిపిస్తే ఎనిమిదోది మీరే చేర్చండి.

జై భీమ్. జై ఆదివాసీ.